గుంటూరు నుంచి బెజవాడలోని నా నోడ్‌కి వాలెట్ కలిపిన కథ

మా ఇల్లు బెజవాడ సత్యనారాయణపురంలో. ఉద్యోగం గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో, అకౌంట్లూ కంప్యూటర్లూ రెండూ నా నెత్తినే. రోజూ బస్సులో పోయి రావడమే. మధ్యలో దూరం 35 కిలోమీటర్లకి అటూఇటూ. ఆ దూరం దాటి మా ఇంట్లో ఉన్న చిన్న డబ్బాని, అంటే బిట్‌కాయిన్ లెక్కల పుస్తకం మొత్తం నకలు పెట్టుకునే నా నోడ్‌ని, నా లాప్‌టాప్‌తో మాట్లాడించడానికి నాకు మూడు వారాలు పట్టింది. నోడ్ పెట్టడం గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, పెట్టాక ఇల్లు దాటితే ఏమవుతుందో మన బ్రాడ్‌బ్యాండు, మన కరెంటు, మన అమ్మల మధ్యలో ఉండి చెప్పినవాళ్లు నాకు కనబడలేదు, అందుకే ఇది రాస్తున్నా.

అసలు నోడ్ ఎందుకో ముందు చెప్తా. 2021 నుంచి నెలనెలా కొంచెం కొంచెం బిట్‌కాయిన్ కొంటున్నా. ఎంత అని అడక్కండి, మొత్తం కలిపినా మంచి బైక్ రాదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ వచ్చాక మా ఫ్రెండ్స్ చాలామంది మానేశారు, నేను మానలేదు. కొన్నది ఎక్స్చేంజ్‌లో (కొనిపెట్టే కంపెనీ దగ్గర) వదిలేయకుండా హార్డ్‌వేర్ వాలెట్‌లోకి, అంటే ఖర్చుపెట్టే తాళంచెవి దాచుకునే చిన్న పరికరంలోకి, తెచ్చుకున్నా. లాప్‌టాప్‌లో స్పారో, ఫోన్లో బ్లూవాలెట్ అనే వాలెట్ యాప్‌లు ఉన్నాయి గానీ రెండూ చూసుకోవడానికే, తాళంచెవి వాటిలో లేదు. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా ఒకరోజు స్పారోలో కింద కుడి మూలన ఉండే బటన్ పసుపు రంగులో ఎందుకుందా అని చూశా. పసుపంటే పబ్లిక్ సర్వర్, ఆకుపచ్చంటే సొంత బిట్‌కాయిన్ కోర్ (నోడ్ నడిపే ప్రోగ్రాం), నీలం అంటే సొంత ఎలెక్ట్రమ్ సర్వర్ (నోడ్ పక్కనుండి వాలెట్లకి జవాబు చెప్పేది). అంటే అన్నాళ్లూ నేను వాలెట్ తెరిచిన ప్రతిసారీ ఎవరో ముక్కూమొహం తెలియనివాడి కంప్యూటర్‌ని అడుగుతున్నా, ఇదిగో ఈ అడ్రసుల్లో (ఖాతా నంబర్ల లాంటివి) ఎంతుంది చెప్పు అని. ఆ అడ్రసులన్నీ ఒకే మనిషివని వాడికి తెలిసిపోతుంది, ఏ ఐపీ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్ నంబరు) నుంచి అడిగానో కూడా.

దీన్ని మా బాబాయికి అర్థమయ్యేలా చెప్పడానికి తంటాలు పడ్డా. క్రిప్టో అనగానే ఆయనకి చైన్ స్కీములు గుర్తొస్తాయి, తప్పు ఆయనది కాదు, మన ఊళ్లలో ఆ పేరు చెప్పి ముంచినవాళ్లు అలా ఉన్నారు. కానీ ఆయన జీవితమంతా మంగళగిరి చుట్టుపక్కల పొలాల బేరాల్లో తిరిగిన మనిషి. అందుకని ఇలా చెప్పా: "బాబాయ్, వెనకటికి అడంగల్ చూడాలంటే కరణం దగ్గరికే పోవాలి కదా. నువ్వు వెళ్లి ఫలానా నాలుగు సర్వే నంబర్లు చూపించమంటే ఆయన చూపిస్తాడు. కానీ ఆ నాలుగింటి మీద నీకు కన్నుందని సాయంత్రానికి ఆయనకి తెలుసు." బాబాయ్ వెంటనే, "సాయంత్రం దాకా ఎందుకురా, నేను గుమ్మం దిగేలోపే రేటు పెరిగేది" అన్నాడు. 1984లో కరణాల పద్ధతి రద్దయింది గానీ ఆయనలో ఆ మంట ఇంకా చల్లారలేదు. "అయితే ఊరి రికార్డు మొత్తం నకలు తీసుకొచ్చి మనింట్లోనే పెట్టుకుంటే?" అన్నా. "మొత్తమా?" అన్నాడు. మొత్తమే. 2009 జనవరి 3న పుట్టిన మొదటి బ్లాక్ (లావాదేవీలు రాసిన పేజీ లాంటిది) నుంచి ఇవాళ్టిదాకా, 700 జీబీకి అటూఇటూ. దాన్ని ఇంట్లో పెట్టుకుని, ఎవర్నీ నమ్మకుండా ఒక్కో బ్లాకూ సరిచూసుకునే డబ్బానే నోడ్. ఇందులో నా డబ్బు ఉండదు, ఇది దొంగలెత్తుకుపోతే నాకు పోయేది డబ్బా ఖరీదే. ఇంకో మాట, ఇది పన్ను ఎగ్గొట్టే దారి కూడా కాదు, ఎక్స్చేంజ్ దగ్గర నా పాన్ నంబరుంది, రిటర్నులో నేను చూపిస్తూనే ఉన్నా.

డబ్బా సంగతి త్వరగా చెప్పేస్తా. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, 8 జీబీ ర్యామ్‌ది. 1 టీబీ డిస్క్ ఇవాళ సరిపోయినా నాలుగేళ్లకి నిండుతుందని 2 టీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నా. ఛార్జర్ దగ్గర మాత్రం కక్కుర్తి పడ్డా, ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జరే పెట్టా. దానికి కావాల్సింది 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు, నికరంగా. సింక్ అవుతుంటే, అంటే బ్లాకులన్నీ దించుకుని సరిచూసుకుంటుంటే, లాగ్‌లో తేదీలు కనబడుతుంటాయి, 2009, 2010, 2011 అని పరిగెత్తుతాయి, అప్పట్లో బ్లాకుల్లో పెద్దగా ఏమీ లేదు కదా. 2015 దాటాక నడక, ఆ తర్వాత పాకడం. నాది 2017లో ఉండగా వోల్టేజి చాల్లేదని ఎస్‌ఎస్‌డీ మాయమైపోయింది, డేటాబేస్ పాడైంది, మళ్లీ మొదట్నుంచి లెక్కేసుకోమంది. గవర్నర్‌పేట వెళ్లి సరైన ఛార్జర్ తెచ్చాను. అన్నీ కలిపి తొమ్మిది రోజులు. బిట్‌కాయిన్ కోర్‌కి "ఈ అడ్రసులో ఎంతుంది" అనే ప్రశ్న సూటిగా అర్థం కాదు, దాని లెక్కలు బ్లాకుల వరసలో ఉంటాయి, అడ్రసుల వరసలో కాదు, కాబట్టి దాని పక్కన ఎలెక్టర్స్ అనే ఇంకో ప్రోగ్రాం పెట్టాలి, పైన చెప్పిన ఎలెక్ట్రమ్ సర్వర్ ఇదే, అది పుస్తకం వెనక ఉండే సూచిక లాంటిది రాసుకుంటుంది. ఆ రాతకి ఒక రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. స్పేస్ ఆదా చేద్దామని పాత బ్లాకులు కొట్టేసే ప్రూనింగ్ మాత్రం ఆన్ చేయకండి, చేస్తే ఎలెక్టర్స్ పని చేయదు.

ఆ ఆదివారం స్పారోలో డబ్బా లోకల్ ఐపీ, పోర్ట్ (ఒక్కో ప్రోగ్రాంకి ఉండే తలుపు నంబరు) 50001 కొట్టి టెస్ట్ కనెక్షన్ నొక్కితే నీలం రంగు వెలిగింది. చాలా బాగుంది. సోమవారం గుంటూరులో తెరిస్తే ఏముంటుంది, గుండుసున్నా. 192.168తో మొదలయ్యేది ఇంటి లోపలి నంబరు, గుంటూరులో దానికి అర్థమే లేదు. ఇది నాకు తెలియక కాదు, తెలిసే, తర్వాత చూద్దాంలే అనుకున్నా.

మొదట తట్టింది పోర్ట్ ఫార్వర్డింగ్. రౌటర్లోకి వెళ్లి, బయట నుంచి 50001కి ఎవరైనా వస్తే లోపల డబ్బా దగ్గరికి పంపు అని రాయడం. రాశా, ఆఫీసు నుంచి చూశా, రాలేదు. రౌటర్ రీస్టార్ట్, రాలేదు. ఆ కంగారులో ఇంకో వెధవ పని చేయబోయా. ఎలెక్టర్స్‌లోనే ఏదో తేడా ఉందేమో, స్పారోని నేరుగా బిట్‌కాయిన్ కోర్‌కే కలుపుదాం అని 8332 కూడా తెరవబోయా. ఆ పోర్టు నోడ్‌కి ఆజ్ఞలు ఇచ్చే పోర్టు, దాన్ని ఇంటర్నెట్‌కి తెరవడమంటే పూజగదిలో బీరువా తీసుకొచ్చి వీధి అరుగు మీద పెట్టడమే, పైగా అందులో వెళ్లే పాస్‌వర్డ్‌కి ఎన్‌క్రిప్షన్ కూడా ఉండదు. 50001 మాత్రం తక్కువ తిందా, అదీ తెరిచిన ఉత్తరమే, దారిలో ఎవడైనా చదువుకోవచ్చు. ప్రైవసీ కోసమని ఇంత చేసి చివర్లో నేను కట్టబోయింది అద్దాల ఇల్లు.

అదృష్టం ఏంటంటే అది ఎలాగూ పని చేయదు. ఎందుకో సాయంత్రం తెలిసింది. మన ఐపీ ఎంతో చూపించే సైటు ఒక నంబరు చెప్తోంది, రౌటర్ స్టేటస్ పేజీలో ఇంకో నంబరుంది, 100తో మొదలయ్యేది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి ఇంటర్నెట్‌లో తిరిగే నంబర్లు కావు, కంపెనీవాళ్లు ఐపీల కొరత వల్ల కొన్ని వందల ఇళ్లని ఒకే పబ్లిక్ ఐపీ వెనక కట్టేయడానికి వాడుకునేవి. సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబరు, వాచ్‌మన్‌కి ఫ్లాట్ నంబరు చెప్పే వీలు లేదు, అలాంటిది. నేను నా ఫ్లాట్ తలుపు ఎంత బార్లా తీసినా ఉపయోగం ఏముంది, కింద గేటు నా చేతిలో లేదు. తర్వాత ఆలోచిస్తే దీని జాడ ముందే ఉంది. నా నోడ్‌కి ఎప్పుడు చూసినా సరిగ్గా పది కనెక్షన్లే ఉండేవి. ఆ పదీ నోడ్ తనంతట తాను బయటికి వెళ్లి పెట్టుకునేవి, బయట నుంచి వచ్చినవి ఒక్కటీ లేవు. పదంటే బాగానే ఉందిలే అనుకున్నా కానీ పదే ఎందుకు అని ఆలోచించలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే స్టాటిక్ ఐపీ ఇస్తాం, నెలనెలా అదనంగా కట్టాలి అన్నారు. వద్దన్నా.

అప్పుడు టార్, మన కనెక్షన్‌ని చాలా కంప్యూటర్ల మీదుగా తిప్పి ఎవరిదో తెలియకుండా చేసే నెట్‌వర్క్. టార్ అనగానే డార్క్ వెబ్, గంజాయి, పోలీసులు అని మా ఆఫీసులో ఒకాయన లెక్చర్ ఇచ్చాడు. నాకు కావాల్సింది అందులో ఉన్న ఒక్క సదుపాయం. నోడ్ ఇంట్లోంచి బయటికి ఒక దారి వేసుకుంటుంది, నా లాప్‌టాప్ గుంటూరు నుంచి ఇంకో దారి వేసుకుంటుంది, రెండూ మధ్యలో ఎక్కడో ఒక టార్ కంప్యూటర్ దగ్గర కలుస్తాయి. సంబంధం చూసుకునేటప్పుడు ఇటువాళ్లూ అటువాళ్లూ ఏ ఇంటికీ పోకుండా దుర్గ గుడి మండపంలో కలుసుకోరూ, అలాగ. రెండూ బయటికి వెళ్లేవే కాబట్టి గేటు దగ్గర వాచ్‌మన్‌తో పని లేదు, సీజీనాట్ ఉన్నా నష్టం లేదు. పైగా దారి మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి 50001 తెరిచిన ఉత్తరమైనా కవర్లో పెట్టినట్టే.

చేయాల్సింది తక్కువే. టార్ సెట్టింగుల ఫైల్లో రెండు లైన్లు, ఒకటి ఈ సర్వీసు తాళాలు ఏ ఫోల్డర్లో పెట్టాలో, రెండోది బయట 50001కి వచ్చింది లోపల 127.0.0.1 (అంటే ఆ డబ్బాకే) మీద 50001కి ఇవ్వమని. టార్ రీస్టార్ట్ చేస్తే ఆ ఫోల్డర్లో హోస్ట్‌నేమ్ అనే ఫైలు పుడుతుంది, అందులో మన ఆనియన్ అడ్రసు ఉంటుంది, 56 అక్షరాలు, చివర డాట్ ఆనియన్. రాత్రి పదకొండున్నరకి చేశా, ఫైలు పుట్టింది, చూశా, సంతోషించా, పడుకున్నా. పొద్దున్నే బస్సెక్కా. మంగళగిరి దాటాక గుర్తొచ్చింది, ఆ అడ్రసు కాపీ చేసుకోలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే చెల్లి ఎత్తింది, డిగ్రీ ఫైనలియర్, కంప్యూటర్స్ కాదు, బీకాం. నా పాత లాప్‌టాప్ తీయించి, నల్ల స్క్రీన్ తెరిపించి, ఒక్కో కమాండు అక్షరం అక్షరం చెప్పా. ఆ ఫైలు చదవడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అదీ చెప్పా, నిండు బస్సులో, పక్క సీటాయన వింటుండగా. (రాత్రి ఇంటికి రాగానే మార్చేశా.) అడ్రసు కనబడింది. "కాపీ చేసి వాట్సాప్ చెయ్యి" అన్నా. "కంట్రోల్ సీ కొడితే ఏమీ కావట్లేదు అన్నయ్యా, ఏదో టోపీ లాంటి గుర్తూ సీ అక్షరం వస్తున్నాయి." నల్ల స్క్రీన్లో కంట్రోల్ సీ అంటే ఆపేయమని అర్థం, ఇంక అది వివరించే ఓపిక లేక ఫోటో తీసి పంపమన్నా. పంపింది, కొంచెం అదిరిపోయిన ఫోటో, ట్యూబ్‌లైటు స్క్రీన్ మీద పడి.

ఆఫీసులో కూర్చుని ఆ ఫోటో చూసి 56 అక్షరాలు కొట్టా. స్పారోలో ఎర్రగా ఎర్రర్. మళ్లీ కొట్టా, ఎర్రర్. మిర్చి సీజన్, యార్డు నుంచి ఘాటు, తుమ్ముతూ కొట్టడం ఒకటి. మూడోసారి చెల్లికి మళ్లీ ఫోన్ చేసి చదవమన్నా. "బి ఫర్ బాల్... క్యూ... ఏడు... ఒకటి... ఎక్స్..." ఒకటి అన్న చోట ఆపా. "ఒకటి కాదు, సరిగ్గా చూడు." "ఒకటే అన్నయ్యా, నిలువు గీత." అప్పుడు ఎప్పుడో చదివింది తలుక్కుమంది, ఆనియన్ అడ్రసులో 'ఏ' నుంచి 'జెడ్' దాకా అక్షరాలూ 2 నుంచి 7 దాకా అంకెలూ తప్ప ఇంకేమీ రావు. సున్నా, ఒకటి, ఎనిమిది, తొమ్మిది లేనే లేవు. ఎవరైనా చేత్తో రాసుకుంటే పొరబడకూడదనే ఒకటీ సున్నా తీసేశారు. అయితే అది ఒకటి కాదు, చిన్న 'ఎల్'. ఫోటోలో నేనూ దాన్ని ఒకటనే చదివా. అడ్రసులోనే సరిచూసుకునే లెక్క దాగుంటుంది కాబట్టి ఒక్క అక్షరం తప్పినా అది ఇంకొకళ్లింటికి పోదు, ఎక్కడికీ పోదు. ఇప్పటి 56 అక్షరాల అడ్రసులన్నీ 'డి' అక్షరంతోనే ముగుస్తాయి, అదొక గుర్తు, చివర 'డి' రాలేదంటే మధ్యలో ఎక్కడో ఏదో జారిపోయిందని.

'ఎల్' పెట్టి నొక్కా. స్పారోలో టార్ లోపలే ఉంటుంది, వేరే ఏమీ పెట్టక్కర్లేదు. తిరుగుతోంది, తిరుగుతోంది, దగ్గర దగ్గర నలభై సెకన్లు. నీలం. గుంటూరులో, ఆఫీసు వైఫై మీద, మా ఇంటి నోడ్. చెల్లి ఇంకా లైన్లోనే ఉంది. "అయిందా? నేను కాలేజీకి పోవాలి" అంది.

ఫోన్ సంగతి ఇంకో కథ. బ్లూవాలెట్‌కి ఆ ఆనియన్ అడ్రసు ఇచ్చి, టార్ కోసం ఆర్బాట్ యాప్ పెట్టుకున్నా. మర్నాడు బస్సులో మొదలుపెట్టా, వారధి మీద సిగ్నల్ బాగానే ఉంది, కలవలేదు, తాడేపల్లి దాటాం, కలవలేదు. కాజ టోల్‌గేట్ దగ్గర బస్సు ఆగింది, ఫాస్టాగ్ అంటుకోక ముందు లారీవాడితో గొడవ నడుస్తోంది, ఆ రెండు నిమిషాలు బస్సు కదలకుండా ఉండేసరికి ఫోన్లో బ్యాలెన్స్ కనబడింది. బస్సు కదిలి టవర్లు మారితే మళ్లీ తిరుగుడు. ఊరికే కూర్చున్నప్పుడు టార్ బాగానే ఉంటుంది, ప్రయాణంలో మాత్రం చిరాకు తెప్పిస్తుంది, బ్యాటరీ కూడా గటగటా తాగేస్తుంది.

అందుకని ఫోన్ కోసం టెయిల్‌స్కేల్ చూశా. ఇది వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద నడిచే ప్రైవేట్ నెట్‌వర్క్ (వీపీఎన్). డబ్బాలో ఒకసారి, ఫోన్లో ఒకసారి వేసుకుని ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ప్రవర్తిస్తాయి, సీజీనాట్ అడ్డున్నా ఏదో ఒక సందులోంచి దారి చేసుకుంటాయి. డబ్బాకి ఒక కొత్త నంబరు ఇచ్చింది, అదీ 100తోనే మొదలైంది. ఇక్కడ ఒక అరగంట తికమకపడ్డా, ఇది మళ్లీ మా బ్రాడ్‌బ్యాండ్ వాడి నంబరే చూపిస్తోంది, ఏం పని చేయలేదు అనుకుని తీసేసి మళ్లీ వేశా. కాదు, టెయిల్‌స్కేల్ వాడేది కూడా ఆ 100.64 నుంచి 100.127 లోపలి నంబర్లే. సరే, ఆ నంబరు బ్లూవాలెట్‌లో కొట్టా. కనెక్షన్ నిరాకరించబడింది.

నిరాకరించడం అంటే నాకు సంతోషమే వేసింది, ఎందుకంటే తలుపు దాకా వెళ్లాం, తీయట్లేదు, అంతే. అంతకుముందు పోర్ట్ ఫార్వర్డింగ్ రోజుల్లో జవాబే వచ్చేది కాదు, వీధి కూడా దొరకలేదన్నమాట. ఈ తేడా పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. తలుపు ఎందుకు తీయట్లేదంటే టార్ పెట్టినప్పుడు ఎలెక్టర్స్‌ని 127.0.0.1 మీద మాత్రమే వినేట్టు నేనే మార్చా, అంటే డబ్బా లోపల నుంచి పిలిస్తేనే పలుకుతుంది. టార్ కూడా ఆ డబ్బాలోనే ఉండి లోపల నుంచే పిలుస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది రాలేదు. టెయిల్‌స్కేల్‌లో వచ్చేవాడు బయటివాడు. సెట్టింగులో ఆ లైను 0.0.0.0కి (ఏ దారిన పిలిచినా పలకమని) మార్చి, ఫైర్‌వాల్‌లో 50001కి టెయిల్‌స్కేల్ దారిన, ఇంటి వైఫై దారిన వచ్చినవాళ్లనే రానిచ్చి మిగతావాళ్లకి మూసేశా. ఇంకా కలవలేదు. పది నిమిషాలు జుట్టు పీక్కున్నాక చూస్తే బ్లూవాలెట్‌లో ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్) బటన్ ఆన్‌లో ఉంది. 50001 మామూలుది, ఎస్‌ఎస్‌ఎల్‌ది 50002, అది నేను పెట్టనే లేదు. ఆఫ్ చేశా, ఒక్క సెకనులో వచ్చేసింది, కదిలే బస్సులో కూడా.

మరి టార్ ఎందుకిక అంటే, టెయిల్‌స్కేల్‌లో నడిచే సమాచారాన్ని ఆ కంపెనీ చదవలేదు గానీ నా దగ్గర ఏయే పరికరాలున్నాయి, ఎప్పుడు ఎక్కణ్నుంచి కలుస్తున్నాయి అనేది దానికి తెలుస్తుంది. కరణాన్ని వదిలించుకుని తలారిని పెట్టుకున్నట్టు. అది పెద్ద నష్టమని నేను అనుకోవట్లేదు, కానీ లాప్‌టాప్‌లో నలభై సెకన్లు ఆగడం నాకు కష్టం కాదు కాబట్టి అక్కడ టార్, ఫోన్లో టెయిల్‌స్కేల్. ఆండ్రాయిడ్‌లో ఒకసారికి ఒకటే వీపీఎన్ నడుస్తుంది, ఆర్బాట్ ఆన్ చేస్తే టెయిల్‌స్కేల్ పోతుంది, ఇది ఆన్ చేస్తే అది పోతుంది, కాబట్టి ఫోన్లో రెండూ ఉంచుకుందాం అనే ఆశ పెట్టుకోకండి. టెయిల్‌స్కేల్ వల్ల ఇంకో లాభం, ఇప్పుడు గుంటూరు నుంచే డబ్బాలోకి లాగిన్ అయి ఏం కావాలన్నా నేనే చేసుకోవచ్చు, చెల్లి బతికిపోయింది.

పూర్తిగా పని చేస్తోందని ఎప్పుడు నమ్మానంటే, ఒక శుక్రవారం పొద్దున ఇంట్లో హార్డ్‌వేర్ వాలెట్‌తో 20 వేల సతోషీలు (బిట్‌కాయిన్ చిల్లర) నా అడ్రసు నుంచి నా ఇంకో అడ్రసుకే పంపేట్టు సంతకం చేయించి, ఆ ఫైలు లాప్‌టాప్‌లో పెట్టుకుని గుంటూరు వెళ్లా. హార్డ్‌వేర్ వాలెట్ ఇంట్లోనే ఉంది. ఆఫీసులో స్పారో తెరిచి ఆ సంతకం చేసిన ఫైలు ఎక్కించి బ్రాడ్‌కాస్ట్ నొక్కా. అది టార్‌లో బెజవాడ వెళ్లి, మా ఇంటి నోడ్ దాన్ని సరిచూసి, తనతో కలిసిన నోడ్లలో కొందరికి చెప్పి, వాళ్లు ఇంకొందరికి చెప్పి, ఎక్కడో ఎవరో తవ్విన బ్లాకులో పద్దెనిమిది నిమిషాలకి ఎక్కింది. సగటున పది నిమిషాలకో బ్లాకు అంటారు గానీ ఎదురుచూసేవాడికి సగటుతో పనేముంది. ఈలోపు గోడౌన్ నుంచి ఒకాయన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క అడగడానికి వచ్చి రెండుసార్లు పిలిచాడట, నాకు వినబడలేదు.

ఇంక ఎండాకాలం వచ్చింది. డబ్బాని నేను అటక మీద పెట్టా, దానికో కారణం ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా మేనత్త వాళ్లింట్లో నడుంలోతు నీళ్లు, ఫ్రిజ్జు తేలింది, అప్పట్నుంచి మా ఇంట్లో విలువైనదేదైనా పైనే ఉండాలని రూలు. కానీ మే నెల బెజవాడలో స్లాబు కింద అటక అంటే కుంపటి. మధ్యాహ్నం రెండింటికి గుంటూరు నుంచి చూస్తే డబ్బా వేడి 83 డిగ్రీలు, 80 దాటితే అది తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. వాలెట్ ఎందుకు నత్తనడక నడుస్తోందా అని నేను టార్‌ని తిట్టుకుంటున్నా. ఇప్పుడు హాల్లో ఇన్వర్టర్ పైన గోడకి చిన్న అర కొట్టించి అక్కడ పెట్టా, నేల నుంచి ఆరడుగులు, ఫ్యాను గాలి తగులుతుంది.

ఇన్వర్టర్ అన్నాను కదా, అదో పాఠం. కరెంటు పోయినా డబ్బా ఆగకూడదని దాన్ని ఇన్వర్టర్ లైన్లో పెట్టా, ఆగలేదు. కానీ రౌటరూ, దాని పక్కన ఫైబర్ వచ్చే డబ్బా మామూలు ప్లగ్గులో ఉన్నాయి. నోడ్ చక్కగా నడుస్తూనే ఉంది, ప్రపంచంతో మాట లేదంతే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ రెండూ కూడా ఇటు మార్పించా, మూడొందలు తీసుకున్నాడు, ఆ డబ్బా ఏంటని అడిగాడు, సీసీ కెమెరాకి అని చెప్పా.

ఇంతా చేశాక గత నెల ఒక గురువారం మధ్యాహ్నం మళ్లీ గుండుసున్నా. టార్ లేదు, టెయిల్‌స్కేల్ లేదు. ఫోన్ చేస్తే బ్రాడ్‌బ్యాండ్ బాగానే ఉంది, చెల్లి వీడియోలు చూస్తోంది. గంటసేపు నానా ఊహలూ చేసి, చివరికి అమ్మని అడిగా. "అదా? ఆ ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంటే కాలిపోతుందేమోనని భయమేసి తీసేశా నాన్నా, మిక్సీకి కూడా ప్లగ్గు కావాల్సొచ్చింది." అలా పీకితే డేటాబేస్ పాడవచ్చు, ఈసారి పాడవలేదు, పది నిమిషాల్లో కోలుకుంది.

ఆ సాయంత్రం ప్లగ్గు మీద 'తీయొద్దు' అని కాగితం రాసి అంటించా. మర్నాడు చూస్తే దాని కింద చెల్లి రాతలో 'ఇట్లు, కరణంగారు' అని ఉంది. బాబాయ్ చెప్పినట్టున్నాడు. ఇప్పుడు ఇంట్లో దాని పేరు అదే. నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి, "మీ కరణంగారు బాగా వేడెక్కినట్టున్నారురా, టేబుల్ ఫ్యాను పెట్టమంటావా?" అంది. పెట్టమన్నా.